అరుగు చాలదు, అటక అందదు

సంక్రాంతికి సరిగ్గా 60 రోజుల ముందు, పొద్దున్న ఎనిమిది కొట్టే వేళకి, హైదరాబాదులో ఉన్న మా గోదావరి జిల్లాల వాళ్లెవరినీ పలకరించకూడదు. అందరి కళ్లూ ఫోను మీదే ఉంటాయి. గౌతమిలో కాకినాడకో, నర్సాపురం బండిలో భీమవరానికో ఓ నాలుగు బెర్తులు, అంతే కావాలి. ఎనిమిదీ రెండుకి వెయిటింగ్ లిస్టు మొదలవుతుంది. ఎనిమిదీ ఐదుకి అదీ ఉండదు. అప్పుడు గాని బావమరిదికి కారుందన్న సంగతి గుర్తుకు రాదు. 2024 నవంబరుకు ముందు ఈ తంతు 120 రోజుల ముందే జరిగిపోయేది కాబట్టి, ఏడవడానికైనా కాస్త వ్యవధి దొరికేది.

డేటాబేస్ సర్వర్ల లోపలి కోడు రాసి బతికినవాణ్ని కావడం చేత నాకా ఐదు నిమిషాలు వేరేగా కనిపిస్తాయి. ఆ బండి, ఆ తేదీ, ఆ సీట్ల లెక్క. ఎంతని? రెండు డజన్ల పెట్టెల లెక్క. యంత్రం దృష్టిలో చిటికెడు సమాచారం. దాని మీద ఒక్కసారిగా లక్షల చేతులు పడతాయి. అడిగినవాడు అడిగినట్టల్లా దాన్ని డిస్కు మీంచి తెచ్చి చూపించాలంటే ఉగాదికి కూడా మా వాళ్లు ఊరు చేరరు.

డిస్కు అటక లాంటిది. ఇంట్లో సామానంతా అక్కడే ఉంటుంది, ఎంతైనా పడుతుంది, కరెంటు పోయినా చెక్కు చెదరదు. మెమరీ అరుగు లాంటిది. చేతికి అందుతుంది, కాని నలుగురు కూర్చుంటే ఐదోవాడికి చోటుండదు. వేగంలో ఈ రెంటికీ ఉన్న దూరం చెప్పాలంటే, అరుగు మీద చెంబు అందుకోవడానికి ఒక సెకను పట్టిందనుకోండి. పాతకాలపు తిరిగే డిస్కు అనే అటక మీంచి దించడానికి లక్ష సెకన్లు పడుతుంది. అంటే ఒక పగలూ రాత్రీ గడిచి, ఇంకో నాలుగు గంటలు. అందుకని ఏది అరుగు మీద ఉంచాలి, ఏది అటకెక్కించాలి, చోటు చాలకపోతే ముందు ఎవర్ని లేవగొట్టాలి అన్నవాటి చుట్టూనే మా వృత్తి అరవై ఏళ్లుగా తిరుగుతోంది.

అరుగు పెద్దదైతే తగువు తీరుతుందని ప్రతి తరమూ అనుకుంది. అరుగు లక్షల రెట్లు పెరిగింది కూడా. తగువు మాత్రం మొదటిరోజు ఎక్కడుందో అక్కడే ఉంది. డెల్టాలో పుట్టినవాడికి ఇందులో వింతేమీ కనిపించదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. అదే నదికి దాళ్వా పంట గింజ పట్టే రోజుల్లో సీలేరు నుంచి నీళ్లు వదిలితే గాని శివారు చేలు తడవవు. వరదలో ఎన్ని లక్షలు పోయాయన్నది శివారు రైతుకెందుకు? షట్టరు ఎవరు ఎత్తుతున్నారు, తన వంతు ఎప్పుడు అన్నదే అతని లెక్క. డేటాబేస్ మెమరీ చరిత్రను నేను ఎప్పుడు తలుచుకున్నా ఆ షట్టరు చేతులు మారిన కథగానే కనిపిస్తుంది.

మొదటి రోజుల్లో మెమరీని నిజంగానే అల్లేవారు. ఆవగింజంత ఫెర్రైట్ రింగుల్లోంచి సన్నటి తీగలు అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా దూర్చి వల కట్టేవారు. ఒక్కో రింగు ఒక్కో బిట్. ఆ పనికి ఎక్కువగా ఆడవాళ్లనే పెట్టుకునేవారు, వేళ్లలో ఓపిక ఉంటుందని. నర్సాపురం చుట్టుపక్కల ఇళ్లలో లేసు అల్లే చేతుల్ని చూసినవాళ్లకి ఆ పని ఎలాంటిదో చెప్పక్కర్లేదు. హైదరాబాదులో 1967లో పెట్టిన ఇసిఐఎల్ రెండేళ్లకే బయటికి తెచ్చిన టిడిసి-12 కంప్యూటరు జ్ఞాపకం కూడా ఇలాంటి ఫెర్రైట్ వలే. రింగుకు రింగు లెక్కపెట్టి కొనుక్కునే కాలంలో, ఏ సమాచారం ఎక్కడుండాలో ప్రోగ్రాము రాసేవాడే కాగితం మీద గీసుకునేవాడు. షట్టరు పూర్తిగా అతని చేతిలో ఉండేది.

ఆ చేతిలోంచి దాన్ని మొదట తీసుకున్నది మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు. 1962లో మొదలైన అట్లాస్ యంత్రంలో 16 వేల పదాల ఫెర్రైట్ మెమరీ, 96 వేల పదాల అయస్కాంత డ్రమ్ము ఉండేవి. పదం అంటే ఇక్కడ యంత్రం ఒక్కసారి పట్టే సమాచారపు ముక్క. రెంటినీ కలిపి ఒకే పెద్ద మెమరీలా చూపించారు. 512 పదాలు ఒక పేజీ. కావలసిన పేజీ లోపల లేకపోతే యంత్రమే డ్రమ్ము మీంచి తెచ్చుకుంటుంది, చోటు కోసం ఏ పేజీని బయటికి పంపాలో కూడా అదే నిర్ణయించుకుంటుంది. ఇప్పుడు మీ జేబులో ఫోను చేస్తున్నదీ అదే. 1966లో ఐబిఎంలో బెలాడీ అనే ఆయన, ఏ పేజీని పంపడం అన్నిటికన్నా మేలో చెప్పాడు. అందరికన్నా ఆలస్యంగా మళ్లీ అవసరపడేదాన్ని పంపాలి. అక్షరాలా నిజం, కాని దానికి ముందుముందు జరిగేది తెలియాలి. తప్పని పంచాంగం ఒకటుంటే ఇచ్చేయండి, మిగతాది మేం చూసుకుంటాం అన్నట్టుంటుంది. పంచాంగం లేదు కాబట్టి, చాలాకాలంగా ఎవరూ ముట్టనిదాన్ని పంపడం అనే సర్దుబాటు అందరూ మొదలుపెట్టారు. ఎల్ఆర్‌యు అంటారు దీన్ని. ఏ ఇల్లాలైనా చేసేది ఇదే. నిరుడు మాఘమాసం తరవాత గంగాళం ఎవరూ దించలేదు కనక అది అటక మీదికి పోతుంది.

1968లో పీటర్ డెన్నింగ్ ఇంకో సంగతి తేల్చాడు. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకూ ఆ పూటకి కావలసిన పేజీల గుంపు ఒకటుంటుంది. అంతమాత్రం చోటివ్వకుండా నలుగురిని పిలిచి కూర్చోబెడితే ఒకర్నొకరు లేవగొట్టుకోవడంతోనే కాలమంతా పోతుంది, పని ఒక్కటీ జరగదు. నలుగురికీ అరకొరగా ఇవ్వడం కన్నా ఇద్దరికి నిండుగా ఇచ్చి ఇద్దర్ని ఆపడం నయం. మా కాలవల మీద వంతులవారీ పద్ధతి పెట్టినవాళ్లు ఆయన వ్యాసం చదివి ఉండరు గాని, ఆ తర్కమూ ఇదే.

ఇక్కడిదాకా కథ అంతా ఆపరేటింగ్ సిస్టమ్‌ది. డేటాబేస్ వచ్చాక గొడవ మొదలైంది.

1970లో కాడ్ రిలేషనల్ పద్ధతి ప్రతిపాదించాక దాన్ని కట్టి చూపించడానికి రెండు జట్లు దిగాయి. ఐబిఎం శాన్ హోసేలో సిస్టమ్ ఆర్, బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఇంగ్రెస్. బర్కిలీ వాళ్లకున్నది పిడిపి-11. అందులో ఒక ప్రాసెస్‌కి కనిపించే మెమరీ 64 కిలోబైట్లు. డేటాబేస్ ప్రోగ్రాము మొత్తం అందులో పట్టదు. ఏం చేశారు? ఒకే ప్రోగ్రాముని ముక్కలు చేసి వేరువేరు ప్రాసెస్‌లుగా విడగొట్టి, వాటి మధ్య గొట్టాలు వేశారు. ఒకరు ప్రశ్న చదువుతారు, ఇంకొకరు దాన్ని విడగొడతారు, మరొకరు సమాచారం తెస్తారు. ఉమ్మడి ఇంట్లో చోటు చాలక వేరుపడి, కూర గిన్నెలు గోడ మీంచి అందించుకున్నట్టు. ఆ రోజుల్లో డేటాబేస్ ఆకారాన్నే మెమరీ నిర్ణయించింది.

ఆ జట్టుకు పెద్ద మైకేల్ స్టోన్‌బ్రేకర్. నోటికి బెరుకులేని మనిషి. 1981లో ఆయన రాసిన ఒక వ్యాసం మా వృత్తికి గెట్టు పాతింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే సౌకర్యాలు డేటాబేస్‌కి పనికిరావని అందులో ఒక్కొక్కటే వరుసపెట్టి చెప్పాడు. యునిక్స్ తన దగ్గర ఉన్న పేజీని డేటాబేస్‌కి అందించడానికే వేల ఆదేశాలు ఖర్చు చేస్తోంది. ఎల్ఆర్‌యు అన్నిటికీ సరిపోదు. తరవాత ఏ పేజీ కావాలో డేటాబేస్‌కి తెలుసు, ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలియదు. అన్నిటికన్నా ముఖ్యం, ఏది ముందు డిస్కుకి చేరాలన్న వరస డేటాబేస్‌దే కావాలి. మార్పు తాలూకు చిట్టా ముందు డిస్కు మీద పడకుండా అసలు పేజీ పడిందా, మధ్యలో కరెంటు పోతే లెక్కలు గల్లంతు. బ్యాంకులో డబ్బు వేసి వచ్చినవాడికి ఇది తత్వచర్చ కాదు.

అక్కణ్నుంచి పెద్ద డేటాబేస్‌లన్నీ సొంత ఆనకట్ట కట్టుకోవడం మొదలెట్టాయి. ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర పెద్ద చెక్క ఒకటి ముందే తీసుకుని, బఫర్ పూల్ అని పేరు పెట్టుకుని, దాని తూములు తామే ఎత్తుకుని దించుకున్నాయి. ఈ పనికి కాటన్ దొరతో పోలిక నాకు ఎప్పుడూ తడుతుంది. 1847 నుంచి 1852 దాకా ఆయన ధవళేశ్వరంలో కట్టింది నీళ్లను దాచే డ్యాం కాదు, మళ్లించే ఆనకట్ట. తూర్పు డెల్టాకి ధవళేశ్వరంలో, మధ్య డెల్టాకి బొబ్బర్లంకలో, పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరంలో తూములు. దాచుకునే శక్తి తక్కువ కాబట్టి పంచే తెలివి ఎక్కువ కావలసి వచ్చింది. దాదాపు పది లక్షల ఎకరాలు ఆ తెలివి మీదే బతుకుతున్నాయి. బఫర్ పూలూ అలాంటిదే. అది గోదాము కాదు, మళ్లింపు.

సొంత తూములు వచ్చాక, అసలు ఎల్ఆర్‌యు ఎక్కడ బోల్తా కొడుతుందో తెలిసింది. ఒక చిన్న లెక్క చూడండి. అరుగు మీద 100 పుస్తకాలకు చోటుంది. ఒకాయన 101 పుస్తకాల వరసను మొదటి నుంచి చివరిదాకా, మళ్లీ మొదటి నుంచి, ఇలా పదిసార్లు చదవాలి. 101వ పుస్తకానికి చోటు కోసం అన్నిటికన్నా పాతదైన మొదటి పుస్తకాన్ని అటకెక్కిస్తాం. వెంటనే ఆయన అడిగేది మొదటి పుస్తకాన్నే. దాన్ని దించడానికి రెండోదాన్ని ఎక్కిస్తాం, ఆయన రెండోది అడుగుతాడు. పదిసార్లూ 101 పుస్తకాలూ అటక మీంచే. వంద పుస్తకాల చోటుండీ ఒక్కసారి కూడా అది అక్కరకు రాలేదు. ఒక్క పుస్తకం తక్కువైతే మొదటి విడత తరవాత అటక మొహమే చూడక్కర్లేదు. డేటాబేస్‌ని అడిగే ప్రశ్నల్ని క్వెరీలంటారు. రెండు పట్టికల్ని కలిపే క్వెరీల్లో ఇది రోజూ జరిగే ముచ్చటే. ఇలాంటి చోట కొత్తగా వాడినదాన్నే ముందు పంపడం లాభం. ఇంగితానికి పూర్తిగా అడ్డం.

బెలాడీ అడిగిన పంచాంగం డేటాబేస్ దగ్గర కొంత ఉందన్నది 1980ల్లో అందరికీ తట్టింది. క్వెరీ నడవబోయే ముందే దాని ప్లాను తయారవుతుంది. ఏ పట్టికను ఒకసారి చూసి వదిలేస్తుందో, ఏ పట్టికను పదేపదే తిరగేస్తుందో అందులో రాసే ఉంటుంది. 1982లో సాకో, ష్కోల్నిక్ ఇద్దరూ కలిసి ‘హాట్ సెట్’ అన్నారు. 1985లో చౌ, డెవిట్ ‘డిబిమిన్’ అన్నారు. క్వెరీని చూసి దానికి ఎన్ని పేజీలు అక్కరకొస్తాయో ముందే లెక్కగట్టి అంతే కేటాయించడం రెంటి సారమూ. భీమవరంలోనో కాకినాడలోనో ఇంజినీరింగ్ చదివిన పిల్లలు సిల్బెర్‌షాట్జ్, కోర్త్, సుదర్శన్‌ల పుస్తకంలో ఈ అధ్యాయాన్ని పరీక్షకు ముందు రాత్రి చదివి, పరీక్ష మర్నాడు మరిచిపోయి ఉంటారు. వాళ్లలో కొందరికి పదేళ్ల తరవాత సియాటిల్‌లోనో బెంగళూరులోనో అదే రాత్రి మళ్లీ గుర్తొచ్చి ఉంటుంది.

1987లో జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్జోలు ఇద్దరూ ఈ పాండిత్యాన్ని పక్కన పెట్టి, కిరాణా కొట్టు శెట్టిగారిలా లెక్క వేశారు. అప్పటి ధరల్లో సెకనుకు ఒకసారి డిస్కుని తట్టే సామర్థ్యం కొనడానికి సుమారు 2,000 డాలర్లు. ఒక కిలోబైట్ మెమరీకి 5 డాలర్లు. రెండోదానితో మొదటిదాన్ని భాగిస్తే 400. ఒక కిలోబైట్ రికార్డుని 400 సెకన్లలోపు మళ్లీ అడిగేటట్టయితే దాన్ని మెమరీలో ఉంచుకోవడమే చవక, అంతకన్నా ఆలస్యమైతే డిస్కు మీద పడేయడం చవక. స్థూలంగా ఐదు నిమిషాలు. ‘ఐదు నిమిషాల సూత్రం’ అని పేరు నిలిచిపోయింది. పదేళ్ల తరవాత గ్రే ధరలన్నీ మార్చి మళ్లీ లెక్క వేస్తే, పేజీ పెద్దదైంది గాని జవాబు మళ్లీ ఐదు నిమిషాల దగ్గరే వచ్చింది. నాకు ఈ పరిశోధన మీద ఉన్న గౌరవం ఇంకే పరిశోధన మీదా లేదు. చదవడానికి గణితం రానక్కర్లేదు, ధరల పట్టిక ఉంటే చాలు. 2007 జనవరిలో గ్రే ఒంటరిగా పడవ వేసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో తీరం నుంచి సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదు. ఉపగ్రహ చిత్రాల్లో సముద్రాన్ని ముక్కలు ముక్కలుగా చేసి వేలమంది వెతికారు. దొరకలేదు.

తొంభైలలో ఎల్ఆర్‌యుకి మరమ్మతులు జరిగాయి. ఒకసారి ముట్టుకున్నంత మాత్రాన అరుగు మీద పీట వేయొద్దు, రెండోసారి ఎప్పుడు అడిగారో చూసి వేద్దాం అన్నది 1993 నాటి ఎల్ఆర్‌యు-కె. దాన్నే తక్కువ ఖర్చుతో చేసింది మరుసటి ఏడాది వచ్చిన టూ-క్యూ. కొత్తగా వచ్చినవాణ్ని ముందు వీధి గుమ్మంలో నిలబెట్టి, పనున్నవాడని తేలాకే లోపలికి పిలవడం. 2003లో ఐబిఎం నుంచి ఎఆర్‌సి వచ్చింది. రెండు వరసల మధ్య ఎంతెంత చోటివ్వాలో కూడా తనే సర్దుకునే పద్ధతి. చాలా అందమైనది. దాన్ని పోస్ట్‌గ్రెస్ వాళ్లు ముచ్చటపడి తెచ్చుకుని 2005 జనవరిలో 8.0లో పెట్టారు. తీరా చూస్తే దాని మీద ఐబిఎం పేటెంటు దరఖాస్తు ఉంది. మూడు నెలల్లో 8.0.2లో దాన్ని పీకి టూ-క్యూ పెట్టారు. ఆ ఏడాది చివర 8.1లో అదీ తీసేసి గడియారపు ముల్లు పద్ధతికి వచ్చారు. ముల్లు పేజీల చుట్టూ తిరుగుతూ ప్రతి పేజీ మార్కుని ఒకటి తగ్గిస్తుంది. వాడినప్పుడల్లా మార్కు పెరుగుతుంది, 5 దాటదు. సున్నాకి దిగినది బయటికి. ఎఆర్‌సి ముందు ఇది మొరటు పనే. కాని పదులకొద్దీ ప్రాసెసర్లు ఒకేసారి మీదపడినప్పుడు, ఆ అందమైన వరసని సరిచేయడానికి అందరూ ఒకే తాళం కోసం కొట్టుకుంటారు. మొరటు గడియారానికి ఆ బెడద తక్కువ. పేటెంటు వాళ్లు తెలియక మేలు చేశారని నా అభిప్రాయం.

పెద్ద పట్టికని ఒకసారి చదివిపోయే క్వెరీ వచ్చి అరుగు మీద కూర్చున్న అందర్నీ లేవగొట్టే సమస్యకి కూడా ఇలాంటి మొరటు మందులే పడ్డాయి. 2008లో వచ్చిన 8.3 నుంచి పోస్ట్‌గ్రెస్ అలాంటి క్వెరీకి చిన్న చుట్టు ఒకటి ఇచ్చి, నీ తిప్పలు ఇందులోనే పడమంటుంది. మైసీక్వెల్‌లో ఇన్నోడిబి కొత్త పేజీని వరస మొదట్లో చేర్చదు. చివరి నుంచి ఎనిమిదింట మూడు వంతుల దగ్గర చేరుస్తుంది. నిలదొక్కుకుంటే పైకి వస్తుంది, లేకపోతే తొందరగానే జారిపోతుంది.

ఇదంతా ఉమ్మడి అరుగు సంగతి. దీనికి తోడు ప్రతి క్వెరీకి తన సొంతానికి కొంత మెమరీ కావాలి, వరస పేర్చుకోవడానికీ, పట్టికల్ని జోడించుకోవడానికీ. అసలు తగువు ఇక్కడుంది. ఒరాకిల్‌లో 2001కి ముందు ‘సార్ట్ ఏరియా సైజ్’ అని ఒక అంకె ఉండేది. ఒక్కో సెషన్‌కి ఇంత అని డిబిఎ, అంటే డేటాబేస్ నిర్వాహకుడు, రాసిపెట్టాలి. ఎక్కువ రాస్తే పండగ రోజున అందరూ ఒకేసారి వస్తారు, యంత్రం కూలుతుంది. తక్కువ రాస్తే పెద్ద రిపోర్టు డిస్కు మీద పాకుతూ తెల్లారేదాకా నడుస్తుంది, మెమరీ సగం ఖాళీగా ఉన్నా సరే. ఈ అంకె ఎంత పెట్టాలన్నది అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఒక శాస్త్రం. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి, సంచితో తిన్నగా అమీర్‌పేట గదికి చేరిన మా కుర్రాళ్లు ఎందరో ‘ఒరాకిల్ డిబిఎ’ అనే మూడు నెలల కోర్సులో ఈ అంకెల్ని కంఠతా పట్టి అమెరికా విమానం ఎక్కారు. వాళ్లకి తారకమంత్రంలాంటి ఇంకో అంకె ఓఆర్‌ఏ-04031. ఉమ్మడి మెమరీలో చోటు దొరకలేదని అర్థం. చాలాసార్లు చోటు ఉంటుంది, ముక్కలు ముక్కలుగా. ఒకే ప్రశ్నని వేరువేరు అంకెలతో వెయ్యిసార్లు రాసి పంపితే వెయ్యి వేరు ప్రశ్నలుగా దాచుకుంటూ పోయి, గట్లు ఎక్కువై చేను తక్కువైన కమతంలా తయారవుతుంది.

2001లో ఒరాకిల్ 9ఐ ఆ షట్టరుని డిబిఎ చేతిలోంచి తీసుకుంది. మొత్తం ఇంత అని ఒక్క అంకె చెప్పండి, ఎవరికి ఎంతో మేం చూసుకుంటాం అంది. చిన్న క్వెరీకి అడిగినంతా, పెద్దదానికి పరిమితి వరకూ, రద్దీ పెరిగితే ఆ పరిమితి తగ్గుతూ. 2006లో ఐబిఎం డిబి2 9 ఇంకో అడుగు ముందుకేసి బఫర్ పూలుకీ, సార్ట్‌లకీ, తాళాలకీ మధ్య కూడా తనే సర్దుకోవడం మొదలెట్టింది. మైక్రోసాఫ్ట్ సీక్వెల్ సర్వర్ దారి వేరు. క్వెరీ మొదలవకముందే నాకింత కావాలని చీటీ పెట్టుకోవాలి, మంజూరయ్యేదాకా వరసలో నిలబడాలి. పెట్టుకున్న చీటీ అంచనా మాత్రమే, అంచనా తప్పితే ఒకడు పుట్టెడు తీసుకుని గిద్దెడు వాడతాడు, వెనక పదిమంది నిలబడి ఉంటారు. ఎగువ చేను వాళ్లు తూము ఎత్తి వదిలేసి ఇంటికిపోతే దిగువ బోదెల్లో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకి ఇది వివరించనక్కర్లేదు.

తీసుకున్నది తిరిగి ఇవ్వడం సంగతి చెప్పలేదింకా. సి భాషలో రాసిన ప్రోగ్రాము అడిగి తీసుకున్న ప్రతి ముక్కనీ అడిగి మరీ తిరిగివ్వాలి. మరిచిపోతే అది పోయినట్టే. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఒక సర్వరు పదకొండు రోజులకోసారి పడిపోయేది. పదో రోజు దాకా ఆరోగ్యంగా ఉండేది. ప్రతి క్వెరీ చివర 40 బైట్లు వదిలేస్తోందని తేలడానికి మాకు రెండు నెలలు పట్టింది. సెకనుకి 50 క్వెరీల చొప్పున పదకొండు రోజులకి సుమారు 190 కోట్ల బైట్లు. 32 బిట్ల విండోస్‌లో ప్రాసెస్‌కి దక్కేది 2 జీబీ. మిగతా పనులకి కావలసింది కలిపితే సరిగ్గా పదకొండో రోజుకి గోడ తగిలేది. దిద్దుబాటు ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యం మరిచిపోయినవాణ్ని నేనే.

పోస్ట్‌గ్రెస్ దీనికి కనిపెట్టిన విరుగుడు నాకు అన్నిటికన్నా ఇష్టం. గిన్నెలో తింటే గిన్నె కడగాలి. పది గిన్నెలైతే పదీ కడగాలి, ఒకటి మరిచిపోతే మర్నాటికి వాసన. మా పెళ్లిళ్లలో ఆ బాధ లేదు. విస్తరి వేస్తారు, పప్పు నుంచి పెరుగు దాకా అందులోనే, అయ్యాక మడిచి ఒక్కసారే అవతల పడేస్తారు. క్వెరీ మొదట్లో ఒక విస్తరి. ఆ క్వెరీకి కావలసిన ముక్కలన్నీ దాని మీదే. పెద్ద విస్తరి లోపల చిన్న దొన్నెలు, ఒక్కో వరసకి ఒక్కోటి. విస్తరి మడిస్తే దొన్నెలూ పోతాయి. ఏ ముక్క ఎవరు తీసుకున్నారో గుర్తుంచుకోనక్కర్లేదు. మెమరీ కాంటెక్స్ట్‌లు అనే ఈ పద్ధతి మొదట్నుంచీ ఉన్నా, పెద్ద క్వెరీ మధ్యలో పోగయ్యే ఎంగిలిని వరస వరసకీ తుడిచే క్రమశిక్షణ 2001 నాటి 7.1లో టామ్ లేన్ చేతుల మీదుగా వచ్చింది. అంతకు ముందు ఇదే పోస్ట్‌గ్రెస్ 1980ల్లో కొంత భాగం లిస్ప్ భాషలో మొదలైంది. లిస్ప్‌లో చెత్త ఊడ్చే బాధ్యత భాషదే. కాని అది ఎప్పుడు చీపురు పడుతుందో ఎవరికీ తెలియదు, సరిగ్గా వడ్డన మధ్యలో పడుతుంది. అది పొరపాటు నిర్ణయమని 1990 నాటి వ్యాసంలో ఆ జట్టే ఒప్పుకుని, అంతా సి లోకి మార్చుకుంది.

32 బిట్ల ఇరుకు గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. 4 జీబీ మించి నేరుగా కనిపించని యంత్రానికి, కిటికీలోంచి వంతులవారీగా 64 జీబీ చూపించే అడ్డదారులు కొన్నాళ్లు నడిచాయి. 64 బిట్లు రాగానే అవన్నీ పాత లాకుల్లా తుప్పు పట్టాయి. లినక్స్ తెచ్చిన కొత్త పీడ మాత్రం ఇప్పటికీ ఉంది. అది అడిగినవాడికల్లా ఉన్నదానికన్నా ఎక్కువ మెమరీ ఇస్తానని ఒప్పుకుంటుంది, అందరూ ఒకేసారి వాడరులే అన్న ధీమాతో. అందరూ వాడిన రోజున ఒకణ్ని ఎంచుకుని చంపేస్తుంది. ఎక్కువ మెమరీ పట్టుకున్నవాడే కంటికి ముందు ఆనతాడు కనుక చాలాసార్లు బలయ్యేది డేటాబేసే. ఊరు మునగకుండా గట్టుకి గండి కొట్టినట్టే, కాకపోతే గండి కొట్టిన చోటే ఊరి ధాన్యం ఉంటుంది.

2000ల చివరికి మెమరీ ఎంత చవకైందంటే, అసలు అటక ఎందుకన్నారు. మళ్లీ స్టోన్‌బ్రేకరే. 2008లో ఆయనా, సహచరులూ ఒక డేటాబేస్‌ని విప్పి ఏ భాగానికి ఎంత శ్రమ పోతోందో కొలిచారు. సమాచారం మొత్తం మెమరీలోనే ఉన్నా, శ్రమలో మూడో వంతుకు పైగా బఫర్ పూల్ నిర్వహణకే పోతోంది. అసలు పనికి మిగిలింది ఏడు శాతం లోపు. 1981లో కట్టుకోమన్న ఆనకట్టనే ఇప్పుడు పగలగొట్టమన్నాడన్నమాట. ఎస్ఏపి హనా, వోల్ట్‌డిబి వచ్చాయి. మైక్రోసాఫ్ట్ వాళ్లు నూరు రెట్ల వేగం లక్ష్యమని గ్రీకులో వంద అనే అర్థమొచ్చే ‘హెకటాన్’ పేరు పెట్టి, 2014లో సీక్వెల్ సర్వర్‌లో కలిపారు. దాన్ని తయారుచేస్తున్న చివరి ఏళ్లలో ఆ సర్వర్ విభాగానికి అధిపతి హైదరాబాదులో పెరిగిన సత్య నాదెళ్ల. అది విడుదలయ్యేనాటికి కంపెనీకే అధిపతి అయ్యాడు.

మా సంక్రాంతి బండి కూడా ఆ ఏడాదే ఈ దారికొచ్చింది. దేశంలో రైల్వే రిజర్వేషన్ 1980ల మధ్యలో సిఎంసి సంస్థ చేతి మీదుగా ఢిల్లీలో కంప్యూటరెక్కింది. కేంద్రాలన్నిటినీ కలిపే ‘కాన్సర్ట్’ వ్యవస్థ 1994లో మొదట నడిచింది మన సికింద్రాబాదులోనే. 2002లో ఇంటర్నెట్ టికెట్ వచ్చింది. పన్నెండేళ్లకి నిమిషానికి 2,000 టికెట్ల దగ్గర ఊపిరాడక, 2014 ఏప్రిల్లో జెమ్‌ఫైర్ అనే, సమాచారాన్ని అనేక యంత్రాల మెమరీల్లో పంచి ఉంచే వ్యవస్థకి మారారు. నిమిషానికి 7,200 టికెట్లన్నారు. బెర్తులు మాత్రం పెరగలేదు. వెయిటింగ్ లిస్టు ముందుకన్నా త్వరగా కనపడింది.

ఆ మధ్యలోనే ఇంకొందరు షట్టరుని తీసుకెళ్లి మళ్లీ ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో పెట్టారు. ఎమ్‌మ్యాప్ అనే పిలుపుతో ఫైలుని మెమరీలా చూపించమంటే, ఏ పేజీ ఉంచాలో ఏది పంపాలో అదే చూసుకుంటుంది, మనం కోడు రాయక్కర్లేదు. మాంగోడిబి అలాగే మొదలైంది. 2015లో సొంత నిర్వహణ ఉన్న ఇంజన్ తెచ్చుకుని, 2019కల్లా పాతదాన్ని పూర్తిగా తీసేసింది. 2022లో క్రాటీ, లైస్, పావ్లో ముగ్గురూ మీ డేటాబేస్‌లో ఎమ్‌మ్యాప్ వాడాలని నిజంగానే అనుకుంటున్నారా అని వెటకారపు శీర్షిక పెట్టి వ్యాసం రాశారు. అందులో కారణాలు చదువుతుంటే 1981 నాటి వ్యాసం పక్కన పెట్టుకుని రాశారా అనిపిస్తుంది. దాని మీద వాళ్లు ఒక వీడియో కూడా పెట్టారు, చదవని కుర్రాళ్ల కోసం కాబోలు.

పోస్ట్‌గ్రెస్ అయితే ఈ తగువులో ఏ పక్షమూ పూర్తిగా తీసుకోలేదు. సొంత బఫర్ పూల్ ఉంది, కింద లినక్స్ పేజీలనీ వాడుకుంటుంది. ఒకే పేజీ రెండు చోట్లా ఉండొచ్చు. అందుకే మెమరీలో నాలుగో వంతు దగ్గర మొదలుపెట్టండి, 40 శాతం దాటితే పెద్ద లాభం ఉండదని దాని మాన్యువలే చెబుతుంది. వందల జీబీల యంత్రం మీద వేసినా, ఎవరూ అంకె మార్చకపోతే అది 128 మెగాబైట్ల అరుగుతోనే కూర్చుంటుంది. ఇక సొంత పనికి ఇచ్చే మెమరీ, ‘వర్క్ మెమ్’, మార్చకపోతే 4 మెగాబైట్లు. అది క్వెరీకి కాదు, క్వెరీలోని ఒక్కో సార్ట్‌కి. 200 కనెక్షన్లు, ఒక్కోదానిలో మూడు సార్ట్‌లు ఉంటే 2,400 మెగాబైట్లు. జోడింపుల హ్యాష్‌లకైతే దానికి రెట్టింపు దాకా వెళ్లొచ్చు. సర్వరు మొత్తానికి ఇంతకు మించొద్దని చెప్పడానికి అంకె లేదు. పెట్టాలని ఏళ్లుగా చర్చ నడుస్తోంది, ప్యాచ్‌లు వస్తున్నాయి, వెనక్కి పోతున్నాయి. పరిమితి తగిలిన క్షణాన ఎవరి క్వెరీని ఆపాలన్న దగ్గర మాట తెగడం లేదు. ఈలోగా పండగ ముందురోజు రాత్రి డిబిఎ కాగితం మీద 200ని 3తోనూ 4తోనూ గుణించుకుంటూ, రేపు 400 మంది వస్తే ఎలాగని ఇంకో గుణకారం వేస్తుంటాడు.